ఏడో డబ్బా

ఆ ఆదివారం పొద్దుటాటకి వచ్చింది పదకొండుమందిమి.
అమలాపురం కాలేజీ మేష్టారొకాయన
ఎక్కణ్ణించో అద్దెకి తెప్పించిన నలుపూ తెలుపూ బొమ్మ.
మనది కాని భాష. తెరనిండా మంచు.
మా టూరింగు టాకీసు గుడారం చిరుగుల్లోంచి ఎండ పడి
ఆ మంచు అక్కడక్కడా పచ్చబడేది.

గడియారాలు బాగుచేసే ముసలాయన కథ.
ఈ చలికాలం దాటవని చెప్పారు కాబోలు,
కొట్టుకి తాళం వేసి చేతిసంచీతో బయల్దేరాడు.
ఎవరింటి గుమ్మం ముందో ఆగాడు.
కాలెత్తాడు.
అంతే, తెర తెల్లగా అయిపోయింది.

ఏడో డబ్బా రాలేదు.

రాలేదని చెప్పింది నేనే.
రావులపాలెంలో బస్సులోంచి దించిన డబ్బాలు సైకిలుకి కడుతూ
మధ్యలో పెసరట్టు తిని
ఒకటి హోటలు బల్లకింద మరిచిపోయాను.
మర్నాడు దొరికింది.
మూత తియ్యకుండానే మద్రాసు పార్సిల్లో పడేశాను.
ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

"కాలెత్తి ఏం చేశాడంటావురా?"
ఆపరేటరు ఏసుపాదంగారు అడిగేవారు
కార్బన్ కడ్డీలు మారుస్తూ.
"లోపలికెళ్లుంటాడండి."
"వెళ్లి?"

ఆ వేసంగిలోనే కాకినాడ పెద్దాసుపత్రిలో
ఆయనకీ లెక్క చెప్పేశారు.
"పుంజీడు నెలల్రా," అన్నారు బస్సు దిగుతూనే,
"కొబ్బరికాయలు లెక్కెట్టినట్టు."
నాలుగు రోజులు తాగారు.
రెండు రోజులు చర్చి మెట్లమీద కూర్చున్నారు, లోపలికెళ్లలేదు.
ఏడో రోజు నన్ను పిలిచి
'నేడే చూడండి' రాసే ఎర్రరంగు ఎంతుందన్నారు.
డబ్బాలో సగం.

రేవులో పంటు కట్టే పాత స్తంభం ఒకటుంది.
లంక పిల్లలు బడికి దాటేది అక్కడే.
నాలుగేళ్లకిందట వరదలో పడవ తిరగబడి
ముగ్గురు పోయింది అక్కడే.
ఎంత నీటికి ఆపాలో ఎవరూ ఒప్పుకోరు.
పడవవాడిదో కొలత, తల్లులదో కొలత,
పంచాయతీకి అసలు కొలతే లేదు.

ఏసుపాదంగారు ఇల్లిల్లూ తిరిగారు
ఆ రోజు నీరెంతుందమ్మా అని.
ఒకామె గోడమీద చెయ్యి పెట్టి చూపించింది.
ఒకామె తలుపేసుకుంది.
సంగాడి పోలయ్య మూడు రోజులు మొహం తిప్పుకుని
నాలుగో రోజు పడవంచున నిలబడి, చెయ్యి చాచి
స్తంభంమీద గోటితో గీశాడు.
మునిగిన పడవ అతనిదే.

దానిమీద ఎర్రరంగు.
చెయ్యి వణికి కాస్త వంకరొచ్చింది.
పక్కన పోస్టరు అక్షరాల్లో
'ఇక్కడిదాకా వస్తే పడవ కట్టెయ్యండి.'
ఇంకా రంగు మిగిలితే
కిందికి మరో ఎనిమిది గీతలు గీసి
"పిల్లలకి ఎక్కాలొస్తాయిలే" అన్నారు.

శ్రావణం రాకుండానే పోయారు.
మోసినవాళ్లలో నేనొకణ్ణి.
రీలు డబ్బాలే బరువనిపించింది.

తర్వాత ఎర్రనీరొచ్చింది.
రేడియో ఏదో చెబుతోంది, ఎవరూ వినటం లేదు,
అందరూ స్తంభం కేసే చూస్తున్నారు.
ఒక్కో గీతా మునిగింది.
అవతలి గట్టున పెళ్లివారు
రెట్టింపిస్తాం, రారా అని కేకలు.
ఎర్రగీతని నీరు ముట్టింది, దిగింది, మళ్లీ ముట్టింది.
పోలయ్య తాడు రెండు చుట్లు చుట్టి ముడేసి
మెట్లమీద కూలబడి
తువ్వాలు మొహమ్మీద వేసుకున్నాడు.

టాకీసు ఎత్తేసి చాలా కాలమైంది.
ఆ ముసలాయన కాలు
నాకింకా గాల్లోనే ఉంది.
ఏటా వేసంగిలో రేవుకెళ్లి
గీతకి కొత్త రంగు వేసొస్తాను.
వంకర వంకరగానే ఉంచి.