గడ్డి పీకిన చేతులు

ముప్పై ఏండ్లు గడ్డి పీకిన చేతులివి.
గరిక, తుంగ, పాయిలాకు, వయ్యారిభామ,
పేరు పెట్టి పిలిచి మరీ
వేరుతో సహా లాగినాను.
ఈ కార్తీకంలో మొదటిసారి
గడ్డిగింజల కోసం
బెళుగుప్ప అంగడి ముందర నిలబడినాను.

"గడ్డిని దుడ్లిచ్చి కొంటారా సుంకులమ్మా?
ఎవరు తినేదానికి?"
తిప్పయ్య నవ్వినాడు.
నా మొగుడూ నవ్వేవాడే,
మూట మోయాల్సింది తను కాకపోయింటే.

శెనక్కాయ పీకినాక చేను చూసినావా తిప్పయ్యా,
గుండు గీకిన తల.
గాలికి ఎర్రమన్ను లేచి
వచ్చి వచ్చి మా సంగటి కుండలోనే పడుతుంది.
మా మూడెకరాలు మేమే తింటున్నాం,
ఏడాదికి ఇంత.

పశువుల ఆసుపత్రిలో షాహీన్ మేడం
మందుల చీటీ వెనక మూడు గీతలు గీసింది.
"అంతా ఒకటే నేల అనుకోవద్దక్కా."
నాకు చెప్పాలా!
కుక్కిళ్ళ మీద కూర్చొని సాలు సాలూ పాకిన నేల.
గుట్ట పక్క గులకరాయి, అరిచెయ్యి చుర్రుమంటుంది.
నడిమిట్ల ఎర్రదువ్వ.
వంక పక్క చౌడు,
తెల్లారేసరికి ఎవరో ఉప్పు చల్లిపోయినట్టు.

చౌడుకు బార్లీ అనుకున్నాం.
నడుమ, బోరు నీళ్ళు సన్నగా పారే కాడికి, ఓట్లు.
ఓట్లు అంటూనే రచ్చకట్ట కాడ ఒకటే నగుబాటు:
"మొన్న వేసినవే మొలకెత్తలేదు, మళ్ళా వేస్తావా అక్కా?"
ఇవి మొలిచినాయి. ఆరో దినానికే.
గులకలో ఉలవలు చల్లినా.
ఉలవ గడ్డి కాదు, నాకూ తెలుసు.
కానీ నీళ్ళడగదు, మంచు తాగి బతుకుతుంది,
నేల మీద దుప్పటి మాదిరి పరుచుకుంటుంది.

శివరాత్రికి చలి శివశివా అని పోతుంది.
ఆ లోపలే ఎదగాల, ఆ లోపలే మేయాల.
వేళ్ళ కణుపుల మీద వారాలు లెక్కబెట్టుకుంటా
గట్టు మీద తిరిగేదాన్ని.

ఒకనాటి పొద్దున
మాటల్లో పడి, వంగి, లాగేసినాను.
చేతిలో ఓటు మొక్క.
బెత్తెడు లేదు, వేరుకు మాత్రం
పిడికెడు మన్ను పట్టుకొని ఉంది, వదలకుండా.
ఎన్ని వేల వేర్లను ఇట్లా
గట్టుకేసి కొట్టి దులిపినానో!
గుంత తీసి మళ్ళా నాటినా, చెంబుతో నీళ్ళు పోసినా.
బతకలేదు అది.

పుష్యమాసంలో బీరలింగ మంద తోలుకొచ్చినాడు.
వస్తూనే పచ్చట్లో వదల్లేదు.
ముందు ఎండు శెనక్కాయ కట్టె వేసినాడు,
ఆకలి మీద పచ్చిమేత పడితే కడుపుబ్బి పోతాయంట.
తర్వాత విడిచినాడు.
షాహీన్ మేడం గీతల్ని గొర్రెలు చదవలేదు.
ఓట్లను మూతితో పక్కకు నెట్టి
పోయి పోయి ఉలవలో పడినాయి.
బార్లీ సగం చౌడులో మొలవనే లేదు,
మొలిచిన సగాన్ని ఒక ముసలి పొట్టేలు
తనొక్కటే నిదానంగా మేసింది.
మూడోనాటికి ఓట్ల రుచి తెలిసింది.
"నాలుగు వేళ్ళంత మోడు ఉండనీ" అని నేను,
"ఆ మాట వాటికి చెప్పు" అని బీరలింగ.
రెండు రాత్రులు మంద చేన్లోనే పండుకుంది.
ఎరువుకు నేనియ్యల్నా, మేతకు వాడియ్యల్నా
అని తెల్లారిందాకా వాదులాడి
చెరొక బీడీ కాల్చి లేచినారు
మా ఆయనా వాడూ.

మాఘంలో ఒక రాత్రి గాలి లేచింది.
ఉలిక్కిపడి చీకట్లోనే
కుండ మీదికి మూత తడుముకున్నా, పాత అలవాటు.
పొద్దున సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే
పంటి కింద కరకర లేదు.
మా ఆయన నమిలి నమిలి
నా మొగం చూసినాడు:
"ఏందో తక్కువైంది కదా, ఇందులో?"