పొద్దుతిరుగుడు నూనె

డిసెంబరులో మా వెస్ట్రే దీవికి
తొమ్మిది దాటాక వస్తుంది పొద్దు.
మూడు గంటలకే చాప చుట్టేస్తుంది.
పొద్దే సరిగ్గా తిరగని ఇలాంటి చోటికి
పడవలో, ఎండుగడ్డి మధ్య సర్ది
పొద్దుతిరుగుడు నూనె పంపారు.

డెబ్భై ఆరో సంవత్సరం.
సీసాలన్నీ ఒక్కలాంటివే, గోధుమరంగు గాజు.
సగం వాటిలో అది, సగం వాటిలో ఆలివ్ నూనె.
ఏది ఏదో అబర్డీన్‌లో ఒక ఇనప్పెట్టెకి తెలుసు.
నేను నర్సుని.
తెలియకపోవడమే నా ఉద్యోగం.

పదిహేడో నంబరు థోరా ఇస్బిస్టర్.
ముప్పై ఆరేళ్లు. ఎడమకాలు మాట వినదు.
డాక్టరు బల్లదీపం తీగ పట్టుకుని చెప్పాడు:
"నరమూ ఇలాంటిదే, పైన కొవ్వు తొడుగు.
నీ ఒళ్లే ఆ తొడుగుని కొరుక్కు తింటోంది."
"నూనె తాగితే తిరిగొస్తుందా?"
"అది తేలుద్దామనే."
ఆ జవాబు ఆమెకి నచ్చింది.
వస్తుందని ఒట్టేసినవాళ్లు అంతకుముందు ముగ్గురొచ్చి
చేతి చమురు వదిలించి పోయారు.

పూటకి రెండు చెంచాలు.
ముక్కు మూసుకుని మింగి, వెంటనే బార్లీ రొట్టె ముక్క.
మొగుడు ఎర్లెండ్ సీసాలో వేలు ముంచి నాకి
"ఆలివే, సందేహం లేదు" అన్నాడు.
మర్నాడు "కాదేమో" అన్నాడు.
పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో
వెన్న, గొర్రెకొవ్వు తప్ప వేరే రుచి లేదు.

మూడు నెలలకోసారి చర్చి హాల్లో
నేల మీద టేపు పరుస్తాను. ఇరవై ఐదు అడుగులు.
థోరా నడుస్తుంది. నేను స్టాప్‌వాచ్ నొక్కుతాను.
పదకొండు సెకన్లు.
పదమూడు.
పద్నాలుగు.
పదకొండున్నర!
కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాను,
ఆ వత్తులకి ఏ నూనె పోశారో నాకూ తెలీదు.
ఆ రాత్రి ఎర్లెండ్ రెండు పెద్ద పీతలు తెచ్చాడు.
పుచ్చుకోకూడదని నియమం.
పుచ్చుకున్నాను. పుస్తకంలో రాయలేదు.

తొమ్మిదో నంబరు డేవినా ఫౌబిస్టర్
రెండో చలికాలం హాలుకి రాలేదు.
నేనే ఇంటికి వెళ్లాను. కిటికీ పక్క మంచం,
దుప్పటి మీద సగం అల్లిన మేజోడు.
టేపు సంచీలోంచి తియ్యలేదు.
గడిలో "నడవలేదు" అని రాశాను.
ఇవాళ నడవలేదనా,
ఇక నడవలేదనా?
కాగితంలో దానికి వేరే గడి లేదు.

ఇనప్పెట్టె తెరిచారు. ఉత్తరం వచ్చింది.
థోరా తాగింది ఆలివ్.
డేవినా తాగింది పొద్దుతిరుగుడు.
మొత్తం మందివి రెండు గీతలు గీసి పంపారు,
పడవ వెనక నీటిచాళ్లలా
కొంచెం విడివడి, మళ్లీ కలిసిపోయాయి.
కింద ఒక వాక్యం:
తేడా ఉందని చెప్పలేం,
మరింతమందితో చూడాలి.

థోరా రెండుసార్లు చదివింది.
నేను ఓదార్పుకి మాటలు వెతుక్కుంటున్నాను.
"అయితే ఆ పదకొండున్నర" అంది,
"నా సొంతమన్నమాట."
కాసేపాగి,
"డేవినాకి నువ్వు చెప్పకు. నేను చెప్తాను."

కర్ర తీసుకుంది. నాలుగిళ్ల అవతల.
గాలి పడమటినుంచి తోస్తోంది.
మధ్యలో రాతిగోడ పట్టుకుని నిలబడింది,
మళ్లీ కదిలింది.
స్టాప్‌వాచ్ నా జేబులోనే ఉంది.

నేను చేరేసరికి లోపల వాళ్లేం మాట్లాడుకున్నారో అయిపోయింది.
డేవినా కళ్లు ఎర్రగా ఉన్నాయి.
థోరా పొయ్యి దగ్గర స్టూలు మీద కూర్చుని
హాడాక్ చేప ముక్కలకి పిండి అద్దుతోంది.
మూకుట్లో నూనె కాగుతోంది.
బల్ల మీద రెండు ఖాళీ సీసాలు,
తొమ్మిది, పదిహేడు.
ఏది ఏదో తెలిసిన మొదటి రోజే
రెండూ కలిపి పోసేశారు.