నాలుగున్నర అంగుళాలు

పదిహేడుకీ పందొమ్మిదికీ మధ్య గోడ
నాలుగున్నర అంగుళాలు.
తొమ్మిది ఉండాలని అప్పటి రూలు.
మిగతా సగం ఎవరు తిన్నారో
టేపు చెప్పదు.

కౌన్సిల్ తరఫున కొలవడానికి వచ్చాను.
ఇల్లు కట్టి చూడమంటారు గానీ
ఈ ఊళ్ళో కట్టినవాడు వేరు,
కాపురమున్నవాడు వేరు,
శుక్రవారం శుక్రవారం అద్దెకు
తలుపు తట్టినవాడు వేరు.

మిల్లు ముందు పుట్టింది.
వాగు పక్కన చదునైన నేలంతా
అదే కాళ్ళు చాపుకుని కూర్చుంది.
ఇళ్ళకి మిగిలింది ఏటవాలు.
అందుకే ఒక్కో కప్పూ పక్కదానికన్నా
జానెడు కిందకి దిగి నిలబడింది,
ఫోటోకి ఎత్తు ప్రకారం నిలబెట్టిన పిల్లల్లా.
వీధులు పడుగు, సందులు పేక.
నేసేవాళ్ళని కూడా
నేతలోనే పెట్టి బిగించారు.

వీధుల పేర్లు యజమాని కూతుళ్ళవి:
అగస్టా, హెన్రియెటా, లవీనియా.
ఆ పిల్లలు ఇటువైపు ఒక్కసారీ రాలేదు.
శనివారం రాత్రి తాగినవాడు మాత్రం
దీపస్తంభాన్ని పట్టుకుని
హెన్రియెటా ఎక్కడ, హెన్రియెటా ఎక్కడ
అని ఏడ్చేవాడట.

కింద రెండు గదులు, పైన రెండు.
వెనక రాళ్ళు పరిచిన పెరడు, బొగ్గు కొట్టు,
చివర మరుగుదొడ్డి,
దాని వెనక బండి పట్టేంత సందు.
ఆ సందు కోసం ఒక చట్టం.
ఆ చట్టం కోసం ఒక కలరా.

గోడలకి చెవులుంటాయంటారు.
ఇక్కడ గోడలకే ఉండేవి.
లోపలి మనుషులకి
పన్నెండో ఏటి నుంచి మగ్గాల మోత పడీ పడీ
చెవులు ఎప్పుడో అరిగిపోయాయి.

మిల్డ్రెడ్ ఎంట్విసిల్, నంబరు పదిహేడు.
నాలుగు మగ్గాలు, నలభై ఒక్క ఏళ్ళు.
ఆ మోతలో నేర్చిన భాష ఆమెది:
గొంతుతో పని లేదు,
సగం పెదాలు చెప్తాయి,
మిగిలింది కనుబొమలు.

పందొమ్మిదికి మీర్పూర్ నుంచి సఫూరా వచ్చింది.
భర్తకి అదే మిల్లులో రాత్రి షిఫ్టు.
ఈమెకి ఇంగ్లీషు రాదు,
ఆమెకి ఏ భాషా వినపడదు.
ఇద్దరూ పెరటి గోడకి చెరో పక్కా నిలబడి
నోట్లో కరుచుకున్న బట్టల క్లిప్పులు తీసి మరీ
చప్పుడు లేకుండా మాట్లాడుకునేవారు.
గుడ్ల ధర. మొగుళ్ళు. ఆరేసిన దుప్పటి మీద మసి.

ఫిబ్రవరిలో నొప్పులు మొదలైన రాత్రి
పొయ్యి వెనక ఇటుకని
ఇనప ఊచతో బాదింది సఫూరా.
చెవిటి మనిషిని పిలవడానికి
అంతకన్నా బుద్ధితక్కువ పని లేదు.
కానీ రెండిళ్ళ పొయ్యిలూ
వీపుకి వీపు ఆనించి కూర్చున్నాయి.
ఇవతల గట్టు మీద పింగాణీ కుక్క వణికింది.
మిల్డ్రెడ్ లేచి గోడకి అరచెయ్యి ఆనించింది.
ఏ మగ్గం ఎక్కడ తడబడుతోందో
తాకి పట్టుకునే చెయ్యి అది.
కోటు లేకుండానే సందులోకి పరుగెత్తింది.

తర్వాత మిల్లు మూతపడింది.
లవీనియాని బుల్డోజరు ఎత్తుకుపోయింది.
అగస్టా ఇప్పుడు కార్లు నిలిపే చోటు.
అక్కడివాళ్ళని పదకొండో అంతస్తుకి ఎక్కించారు.
దళసరి గోడలు. మంచి కాంక్రీటు.
పక్కింట్లో ఎవరో ఇప్పటికీ తెలీదంటారు.

ఆ రాత్రి పుట్టినవాడు, జుబైర్,
మిల్డ్రెడ్ పోయాక పదిహేడు కొన్నాడు.
రెండిళ్ళూ కలిపేస్తాడట. అర్జీ నా చేతిలో ఉంది.
తలుపు తెరవాల్సిన చోట సుద్దగీత.
ఉక్కు దూలం తప్పనిసరి, అని రాశాను.

పొయ్యి ఉన్న ముక్క మాత్రం కదపొద్దంది సఫూరా.
కారణం రాయాలమ్మా, అన్నాను.
ఇప్పుడు ఆమెకి నాకన్నా మంచి ఇంగ్లీషు వచ్చు.
అయినా గొంతు ఎత్తకుండా
పెదాలతోనే ఏదో చెప్పింది.

నాకు ఆ భాష రాదు.
ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.