చెడిన ఫ్రేములు

కోపియాపోలో కరెంటు తెల్లవారుజాము మూడింటికి వచ్చింది.
ఎడెల్మీరా నాలుగు లైన్లు కొట్టింది.
లైబ్రరీని పిలిచి, ఆకాశంలో చోటు చెప్పి,
ఆ ఏటి ఆ రాత్రి చెప్పి,
చివర్న ఎవరూ అడగనిది అడిగింది:
చెడిపోయినవే పంపు.

నలభై శాతం దగ్గర కాసేపు మొరాయించి
బొమ్మ దిగింది.
నడుమ గెలాక్సీ, కోట్ల ఏళ్ల నడక.
మూలన పాలొలికినట్టు చార:
కొండ మలుపులో
లైట్లార్పడం మరిచిన నీళ్ల ట్యాంకరు.

పక్కన రాసుంది, "పనికిరాదు" అని.
డ్రైవరు పేరు లేదు.
ఆ నెల నాన్న జీతంలో కోత పడింది.

వెలుతురు తగ్గిస్తూ పోయింది
గెలాక్సీ ఆరిపోయేదాకా.
చార ఒకటి కాదు, రెండు.
ఎడమది మసక.

ఆ బల్బు కోసం
మూడుసార్లు అర్జీ పెట్టాడట.