పులుపెక్కని జాడీ

మా అత్త వెయ్ షియుజెన్‌ది పులుపు చెయ్యి.
ఆమె ఊరేసిన ఆవాకు
షింగ్‌యీ సంతలో బేరమాడకుండా కొనేవాళ్ళు.

ఆ ఏడు మాత్రం జాడీ మొండికేసింది.
పద్దెనిమిది రోజులైనా
ఆకు ఆకులానే ఉంది, పచ్చివాసన పోలేదు.
"కొత్తకోడలు మూతెత్తి చూసుంటుంది," అంది,
నాతో కాదు, పొయ్యితో.

నిజమే, చూశాను.
నాకప్పుడు ఐదో నెల.
నాలిక పులుపు పులుపు అని కొట్టుకుంటోంది.

లోపల, ఆకు తేలిపోకుండా పెట్టిన బరువు రాయి.
వడగళ్ళకి పగిలిన ఇంటికప్పు పలకలో సగం.
దాని అంచు నుంచి ఒక బుడగ.
ఆగి,
ఇంకొకటి.
ఉప్పునీళ్ళ అడుగున ఎవరో
ఊపిరి బిగబట్టి కూచుని
కొంచెం కొంచెం వదులుతున్నట్టు.

మోచేతిదాకా ముంచి బయటికి తీశాను.
పులుపంతా ఆ రాయే తాగేసింది.
తాగి, పైపొర కరిగి, దాచుకున్నదాన్ని కక్కేసింది:
జానా బెత్తెడు ఒళ్ళు,
చిక్కుడుగింజంత తల, దానికి తగని పొడుగు మెడ,
దువ్వెనపళ్ళలా ఒత్తుగా, లావుగా పక్కటెముకలు.
ముందుకాళ్ళు మాత్రం వెడల్పు.
తెడ్లు కాబోయి
మధ్యలో మనసు మార్చుకున్న చేతులు.

"నాలుక్కాళ్ళ పాము," అంది అత్త, వెనక్కి జరిగి.

గుయాంగ్ నుంచి తియాన్ యుపింగ్ వచ్చింది,
మోకాళ్ళ మీద వంగి, భూతద్దం పెట్టుకుని.
ఇక్కడ సముద్రం ఉండేదట, మా మిరపతోట మీద,
ఇరవైనాలుగు కోట్ల ఏళ్ళ కింద.
ఇది లోతుకి పోదట.
వెచ్చటి మడుగుల్లో, బురద అంచుల్లో,
చేపపిల్లనో రొయ్యనో పట్టుకుని
ముక్కు పైకెత్తి గాలి పీల్చుకుని
మళ్ళీ మునిగేదట.
ఒడ్డున పొట్ట ఆనించి కాసేపు పడుకునేదేమో,
అది మాత్రం గట్టిగా చెప్పలేనంది.
గుడ్ల కోసం గట్టు వెతుక్కోనక్కర్లేదు,
పిల్లల్ని నీళ్ళలోనే కనేది.

నా చెయ్యి పొట్ట మీదికి పోయింది.
ఎవరూ చూడలేదు.

"మరి ఎముకలెందుకంత లావు?" అడిగింది అత్త.
తేలిపోకుండా, అంది యుపింగ్.
అత్త కాసేపు ఆలోచించింది.
"అంటే దాని బరువురాయి దాని ఒంట్లోనే ఉందన్నమాట."
యుపింగ్ ఆ మాట పుస్తకంలో రాసుకుంది.
అత్త మొహం ఆ రోజంతా వెలిగింది.

పలకని పాత దుప్పటిలో చుట్టి పట్టుకెళ్ళారు.
రసీదు గోడకి, క్యాలెండరు వెనక.
జాడీలోకి ఏటిరాయి వచ్చింది, నున్నటిది, నల్లటిది.
దానికి పులుపూ పట్టదు, బుడగా రాదు.
తొమ్మిదో రోజుకే ఆవాకు పళ్ళు జివ్వుమనేలా పండింది.
మొదటి కాడ నా నోట్లో పెట్టింది అత్త,
తనే.

రాత్రి కడుపులో ఒక కదలిక.
ఒక బుడగ.
ఆగి,
ఇంకొకటి.

ఇప్పటికీ సంతలో ఎవరైనా అడిగితే
అత్త చెప్పేది ఒకటే:
ఆ ఏడు మా ఇంటి పులుపంతా
ఒక బల్లి తినేసిందమ్మా.