మైనస్ ఒకటి

కాశీబుగ్గలో నా రిపేరు బల్ల మీద
పదకొండు రోజులుగా ఒక అద్దం
ఎవరు తాకినా పలక్కుండా కూచుంది.

బరంపురం పాత సామాన్లలో
తూకానికి కొన్న లాప్‌టాప్ అది.
తెర మీద వేలితో గీస్తే గీత పడాలి,
దాలమ్మ అడిగింది అంతే.
"అచ్చరాలు నాకొద్దు బాబూ.
ఎవులెన్ని కేజీలు ఒలిసినారో గీతలెట్టుకుంతాను.
మేస్త్రీ కాయితం మీద మా గీతలు
రాత్రికి రాత్రి తగ్గిపోతన్నాయి."

పైసా కట్టక్కర్లేని సిస్టమ్ ఎక్కించాను.
వైఫై వచ్చింది, బొమ్మ వచ్చింది, పాట వచ్చింది,
స్పర్శ రాలేదు.

నల్ల కిటికీలో లాగ్ దించుకుని
వరస వరసా చదివాను,
చీడ పట్టిన ఆకుని వెనక్కి తిప్పి చూసినట్టు.
ఎక్కడో తొమ్మిదో సెకను దగ్గర
ఒక్క వాక్యం:
ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదు.
తెర బాగానే ఉందన్నమాట.
స్విచ్చి వేసిన ప్రతిసారీ
తనెవరో తనకి చెప్పమని అడిగి,
జవాబు రాక, ఊరుకుంటోంది.

ఆ ఫైలు పాత విండోస్‌లో ఉండేది.
పాత విండోస్‌ని
నేనే, మొదటి రోజే, టీ తాగుతూ తుడిచేశాను.
ఈ ముక్క దాలమ్మకి చెప్పలేదు.

టెక్కలిలో జెరాక్స్ గున్నేశ్వర్రావు దగ్గర
ఇదే మోడల్ ఉంది, కీలు విరిగినది.
మెయిల్ చెయ్యరా అంటే
"ఏ ఫైలో నాకేటి తెలుస్తాది,
నువ్వే ఒచ్చి ఎతుక్కో" అన్నాడు.
రానూపోనూ తొంభై రూపాయలు,
నలభై కేబీల కోసం.
బస్సులో పెన్‌డ్రైవ్‌ని చొక్కా జేబులో
మాటిమాటికీ తడుముకున్నాను.

రాత్రి కరెంటు పోయి వచ్చింది.
గూడ్సు బండి ఒకటి బల్లని వణికించి పోయింది.
మాడ్యూలు తీసి మళ్లీ వేశాను.
వేలు పెట్టాను.
పలికింది.
తిరగేసి పలికింది!
ఎడమ తాకితే కుడిన చుక్క,
కుడిన తాకితే ఎడమన.
ఎదురుగా నిలబెట్టుకుని
ఎవరికో పాపిడి తీస్తున్నట్టుంది నా చెయ్యి.

దీనికి తొమ్మిది అంకెలుంటాయి,
మూడేసి చొప్పున మూడు వరసలు.
మొదటి ఒకటి ముందు చిన్న అడ్డగీత పెట్టి
మూడో సున్నాని ఒకటి చేశాను.
ఎడమ ఎడమకి వచ్చేసింది.
రెండింటికి, ఎవరూ చూడని వేళ,
తెర నిండా పిచ్చిగీతలు గీశాను
మూడేళ్ల గుంటడిలాగ.

పొద్దున్నే దాలమ్మ వచ్చింది.
షెల్ అనీ కెర్నల్ అనీ నేనేదో మొదలెడితే
నవ్వేసింది.
"ఎగుమతి డబ్బాల మీద ఉంతాదే, అదేనా?
తొక్కా పప్పూ నాకు సెప్తావేటి?"

చెయ్యి మాత్రం ముందుకి రాలేదు.
ముప్పయ్యేళ్లు జీడిరసం తిన్న వేళ్లు,
కొనలు నల్లగా, నున్నగా.
రేషను మిషను మీద బొటనవేలు
నొక్కి, కొంగుకి తుడిచి, మళ్లీ నొక్కితే
"నువ్వు నువ్వు కాదంతాది.
ఇదీ అంతేనేటి?"

అద్దం కింద కంటికి ఆనని తీగల గళ్లున్నాయనీ
వాటికి ముద్రలతో పని లేదనీ
ఒంట్లో కాస్త తడి, కాస్త ఉప్పు చాలనీ
ఇంత చెప్పడం చేతకాక
"ఎట్టి సూడు" అన్నాను.

నాలుగు నిలువు గీతలు.
వాటి మీద ఏటవాలుగా ఒకటి.
మళ్లీ నాలుగు.
అసిరమ్మకి నెలవంక గుర్తు, సీతాలుకి నిచ్చెన,
పెదాలు కదుపుతూ, లెక్క తప్పితే మొదటికొస్తూ.
తనవి అందరికన్నా కింద, చిన్నవిగా.

కుడి వైపు కింది మూల
అరంగుళం మేర ఇంకా చచ్చే ఉంది.
అది నా వల్ల కాలేదని చూపించాను.
వేలితో ఆ మూలని రెండుసార్లు తట్టింది.
ఏమీ పడలేదు.
మరోసారి తట్టింది.
"ఒగ్గేయ్, దాన్నలాగే ఉండనీ" అంది,
"మేస్త్రీ గీతలు అక్కడెడతాను."