ఏడో రీలు

చిత్తూర్లో ఆ సినిమా పంతొమ్మిది రోజులాడింది.
బెల్లం మండీలో తూకమేసేవాడొకడు
బాటసారుల్ని చంపి గానుగ కింద పూడ్చిన కథ.
మన జిల్లాలో నిజంగా జరిగిందే అని
గోడలన్నీ ఎర్రగా అరిచినాయి.

నేనప్పుడు ప్రొజెక్టరు కాడ
కార్బన్ కడ్డీలు మార్చే పిల్లోణ్ణి.
తెర మీద వాడికి కోరపళ్లు,
నడిస్తే ఉరుము, నవ్వితే నక్క కూత.
బెంచీల్లో ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లు.
నేల టికెట్టు మొగోళ్లు
ఒంటేలుకి కూడా జంటగా పోయేవాళ్లు.

ఉడికిన చెనిక్కాయలమ్మే గురవమ్మ మాత్రం
ఏడో రీలు పడే యాళకి
గంపతో మా గది మెట్లెక్కి
రెండో కన్నంలోంచి చూసేది.
వాడు బావి కాడ చేతులు కడుక్కునే సీను.
నెత్తురూ నీళ్లూ ఒకే నలుపు.
వేలు వేలూ తోముతాడు, ఫిడేళ్లు ఏడుస్తాయి.

పదహారో రోజు అడిగినా, భయం లేదా అవ్వా అని.
కన్నంలోంచి మొగం తీయకుండానే అనింది:
"అంత సేపు కడగడబ్బా.
రెండు చెంబులు, అంతే.
బిన్నా కడుక్కోని కూసుంటాడు,
సంగటిముద్దలో గుంట చేసి
పులుసు పొయ్యమంటాడు.
నీళ్లు పోసింది నేనే గదా."

రీలు తెగింది.
ఈలలు, నా పేరు పెట్టి తిట్లు.
జిగురు పూసి అతికిస్తా ఉంటే
ఆర్కు వెలుగులో ఆమె చేతులు కనిపించినాయి,
ఉప్పునీళ్లకి నాని ముడతలు పడినవి,
ఒక్కో కాయా వత్తి చూస్తా
పుచ్చులు ఏరి పారేస్తా.

పొట్లం కట్టి నాకిచ్చింది.
తినేసినా.
ఉప్పు సరిగ్గా ఉండింది.